పాత నిప్పుతో గీసిన తలుపులు

పోయిన వారం అనంతపురం నుంచి విజయభాస్కర్ ఒక పుస్తకం తెచ్చాడు. నేరుగా ఊళ్ళోకి రాకుండా పొలిమేర రాయి దగ్గరే మోటారు సైకిలు ఆపి కబురు పంపాడు. ఆ పుస్తకం ఊళ్ళోకి రావచ్చో లేదో ముందు ఎర్రన్న తేల్చాలి. ఎర్రన్న మా ఊరి పెద్ద. మోకాళ్ళ నొప్పులతో, చేతికర్ర పొడుచుకుంటూ అంత దూరం నడిచి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆయన పుస్తకం తెరిచి, వేలు తడిచేసుకుని, ఒక బొమ్మ మీద గట్టిగా రుద్ది, ఆ వేలిని ఎండకు పెట్టి చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

"ఇది మసి కాదప్పా. అచ్చు. రానీ," అన్నాడు.

అలా నోలీన్ జీవిత చరిత్ర మా రాళ్ళమిట్టకు వచ్చింది. నోలీన్ ఆస్ట్రేలియా దేశపు చిత్రకారిణి. అక్కడి ఒక పెద్ద మ్యూజియం వాళ్ళు ఆమె బొమ్మలన్నీ ఒకచోట పెట్టి, ఈ పుస్తకం వేశారట. పీట అంత బరువుంది. లోపలంతా ఇంగ్లీషు. బెల్లం పొట్లాల కాగితాలూ బస్సు బోర్డులూ చూసి నాకు నేనుగా నేర్చుకున్న చదువు తెలుగు దాటదు. అందుకని విజయభాస్కర్ మా అరుగు మీద కూర్చుని ముందు పేజీలు తెలుగు చేసి చెప్పాడు. ఆమె ఎక్కడ పుట్టింది, ఏ బడిలో బొమ్మలు నేర్చుకుంది, ఏ ఏ బహుమానాలు వచ్చాయి, ఏ ఊళ్ళలో ఆమె బొమ్మలు గోడలకెక్కాయి, అన్నీ ఉన్నాయి. చివర్లో ఒక్క ముక్క వచ్చింది. 'కొన్నేళ్ళు భారతదేశంలోని ఒక కరువు ప్రాంతంలో ఉండి తలుపుల బొమ్మలు చేశారు.'

మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. అంతే ఉంది. ఊరి పేరు లేదు. మా ఊరి బయటి తిప్ప లేదు. మేము లేము.

పుస్తకం రాసినవాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు ఇక్కడ లేరు కదా. నేను ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

ముందు మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారిలో బస్సు దిగి, ఎర్రమట్టి బాటన లోపలికి నడిస్తే మా ఊరు వస్తుంది. ఏటా మాఘ పున్నమి నాడు మేమంతా ఆ ఊరు వదిలేస్తాం. గొడ్లు, గొర్రెలు, కోళ్ళ గంపలు, కుక్కలు, మంచం మీది ముసలివాళ్ళు, ఎవరూ మిగలరు. పొద్దు పొడవకముందే ప్రతి ఇంట్లో పొయ్యి ఆర్పేస్తాం. ఆరిన పొయ్యిలోని బూడిదా బొగ్గులూ ఆ ఇంటి ఆడది పగిలిన కుండ పెంకులో ఎత్తుకుపోయి, పొలిమేర రాయికి అవతల పారబోయాలి. ఏడాది పొడుగునా మండి మండి అలిసిపోయిన పాత నిప్పు ఊళ్ళో ఉన్నంతకాలం వాన అడుగు పెట్టదని మా నమ్మకం. తలుపులకు గొళ్ళెం పెడతాం గాని తాళం వేయం. వాన వచ్చి, తాళం చూసి, ఎవరూ లేరనుకుని తిరిగి పోకూడదు.

పగలంతా తిప్ప మీద వేపచెట్ల కింద గడుపుతాం. పొద్దు వాలే వేళకు ఆదెన్న చెకుముకి రాయి కొట్టి కొత్త నిప్పు పుట్టిస్తాడు. ఆడవాళ్ళం ఆ నిప్పును పెంకుల్లో పెట్టుకుని ఊళ్ళోకి నడుస్తాం. నిప్పు మోసేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. ఇది అన్నిటికంటే పెద్ద కట్టుబాటు.

పుట్టినిల్లూ మెట్టినిల్లూ నాకు ఈ ఊరే, ఆ రోజంటే చిన్నప్పటి నుంచీ గుండె దడే. తుంగభద్ర మీద డ్యామ్ కడుతున్న కాలంలో మా అక్క రామక్క, మొగుడితో కలిసి అక్కడికి కూలికి బయల్దేరింది. ఊరు వదిలే పండగ చేసుకుని, తిప్ప మీద నుంచి అటునుంచి అటే పోతామన్నారు. పొద్దు వాలింది. మేము కొత్త నిప్పుతో ఊరివైపు, వాళ్ళు మూటలతో అటువైపు. అమ్మ నాకూ ఒక చిన్న పెంకు ఇచ్చి, వెనక్కి చూస్తే వీపు చీరేస్తానంది. కొంత దూరం నడిచాక వెనక నుంచి అక్క ఒకసారి బయమ్మా అని పిలిచింది. నేను తిరగలేదు. అక్క మళ్ళీ రాలేదు. ఆ డ్యామ్ దగ్గర కలరా వచ్చిందన్నారు, ఇంకెక్కడికో పోయారన్నారు. పిలిచి ఊరుకుందా, నిలబడి చూసిందా, చెయ్యి ఊపిందా, నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆయన తిప్పయ్య గుత్తి సంతకు ఎద్దులు కొనడానికి పోయి దారిలోనే వడదెబ్బకు పడిపోయాడు. ఆ పొద్దు నేను వేరుశెనగ కాయలు, మా మాటలో చెనిక్కాయలు, ఎండబోస్తూ సరేలే పో అన్నానే గాని తలెత్తి చూడలేదు. ఆ తరువాత నుంచి మా ఇంటి నుంచి ఎవరు కదిలినా వాకిట్లో నిలబడి, దుమ్ము అణిగేదాకా చూస్తాను. విడపనకల్లులో ఇచ్చిన నా కూతురు ఇంద్రాణి వచ్చి పోయే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోయావని బస్సు ఆపిస్తాను.

నోలీన్ మా ఊరికి వచ్చింది తొంభై తొమ్మిది చివర్లో. అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ హాస్టలు పిల్లలకు బొమ్మలు నేర్పడానికి వచ్చిందట. ఆ సంస్థలో పనిచేసే విజయభాస్కర్ మా ఆచారం గురించి చెబితే, చూస్తానని వెంటబడి వచ్చింది. యాభై దాటిన మనిషి. పొడుగు. మగవాళ్ళ చొక్కా, గడ్డి టోపీ. మొహమంతా ఎండకు మాడి మచ్చలు పడి ఉంది. మెడలో నల్లదారానికి తులసిపూస కాదు, బంగారం కాదు, ఒక ఇనుప తాళంచెవి వేలాడుతోంది. అది చూసి తిమ్మక్క, "దొరసాని వాళ్ళ దేశానికే బీగం ఏసుకోని వచ్చినట్లుండాది అత్తా," అంది. బీగమంటే మా వైపు తాళం. తిమ్మక్క మా పక్కింటి మనిషి. నోరు ఊరుకోదు.

మా ముందరి గది ఖాళీగా ఉందని నోలీన్ అందులో దిగింది. ఊరు ఆమెను నోలమ్మ చేసింది. మా రాగిసంగటీ చెనిక్కాయల ఊరిబిండి పచ్చడీ రెండు రోజుల్లో అలవాటు చేసుకుంది. భాష మాత్రం రెండేళ్ళు పట్టింది. వచ్చాక మాత్రం మా యాసే వచ్చింది.

ఆ మాఘ పున్నమికి ఆమె మాతో పాటు తిప్ప ఎక్కింది. పొద్దున్నే మేము పాత నిప్పు పారబోస్తుంటే మా వెనకే వచ్చి, ఒక్కొక్క ఇంటి కుప్ప నుంచి నాలుగైదు బొగ్గులు ఏరి, ఒక్కో గుడ్డముక్కలో కట్టి, ఆ ఇంటి గుర్తు వేసుకుంది. మేము పారబోసిన బూడిదను ఎవరైనా ఏరుకుంటారని మాకు తోచను కూడా తోచలేదు. చెత్త ఏరుకునే మనిషిని చూసినట్టు చూసి నవ్వుకున్నాం. ఎవరూ వద్దనలేదు.

తరువాత తెలిసింది ఆమె పని ఏమిటో. తలుపు పొడుగున పల్చటి కాగితం పరిచి, తుమ్మజిగురుతో అంచులు అంటించి, ఆ ఇంటి బొగ్గుతోనే ఆ కాగితాన్ని పైనుంచి కిందికి మెల్లగా రుద్దుతుంది. తలుపు మీది ప్రతి గీత, ప్రతి చీలిక, ప్రతి మేకు కాగితం మీదికి ఎక్కుతుంది. ఒక్క తలుపుకు కొన్ని రోజులు, ఒక్కోసారి నెల. మసి రాలకుండా మొదట పాలు నీళ్ళలో కలిపి చల్లేది. బిడ్డలకు లేని పాలు కాగితానికి తాపుతాండాదని తిమ్మక్క అరుగు మీద కూర్చుని అందరికీ వినబడేలా అంది. అది అర్థమైన రోజు నుంచి నోలీన్ పాలు మానేసి మా గంజి తేట చల్లడం మొదలుపెట్టింది.

ఎర్రన్న మొదట నమ్మలేదు. "ఏమప్పా, వాకిలికి మసి పూసేదానికి అన్ని సముద్రాలు దాటి వచ్చిందా ఈయమ్మ? ఫోటో తీస్తే అయిపోదా?" అని విజయభాస్కర్‌ని నిలదీశాడు. మా వైపు తలుపును వాకిలి అంటాం.

ఆమె కథ నాకు ఒక్కసారిగా తెలియలేదు. విత్తనం చెనిక్కాయలు ఒలిచే మధ్యాహ్నాల్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆమె కూడా నాతో కూర్చుని ఒలిచేది. ఒలిచినవాటిలో సగం నోట్లోకి పోయేవి.

వాళ్ళది గోధుమలు పండించే ఇల్లు. వాళ్ళ ప్రాంతంలో ఎప్పుడో నూరేళ్ళ కిందట సర్కారు మనిషి ఒకడు గుర్రమెక్కి తిరిగి, దేశపటం మీద ఒక గీత గీశాడట. గీతకు ఇవతల వాన నమ్మొచ్చు, అవతల నమ్మొద్దు. ఓ నాలుగేళ్ళు వానలు బాగా పడేసరికి ఆమె తాత గీత దాటి మడక కట్టి దున్నాడు. ఆ తరువాత మూడు తరాలు ఆ గీత అవతలే కష్టపడ్డాయి. నోలీన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు ఆమె నాయన సామాను లారీకెక్కించి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. చచ్చిపోయేదాకా ఆ తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

నోలీన్ పట్నంలో టైపు కొట్టింది, రైల్వే క్యాంటీన్‌లో కప్పులు కడిగింది, సాయంత్రాలు బొమ్మల బడికి పోయింది. పెళ్ళి చేసుకుంది, అది నిలవలేదు. ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరు అయింది. నాయన పోయాక ఆ తాళంచెవి తీసుకుని ఇల్లు చూద్దామని వెళ్ళింది. ఇల్లుంది. తలుపు లేదు. కట్టె పనికొస్తుందని ఎవరో ఊడదీసుకుపోయారు. పైకప్పు రేకులు కూడా లేవు. పొయ్యి గూడు, పొగగొట్టం మాత్రం నిలబడి ఉన్నాయి. ఏం చేయాలో తోచక ఆమె పొయ్యిలోని పాత బొగ్గు తీసి, వెంట ఉన్న కాగితాన్ని పొయ్యి రాళ్ళ మీద పరిచి రుద్దిందట. అదే ఆమె మొదటి బొమ్మ. చాలా ఏళ్ళు ఎవరూ కొనలేదు. తరువాత కొన్నారు. బహుమానాలు వచ్చాయి. ఖాళీ ఇళ్ళ చిత్రకారిణి అని పేపర్లలో రాశారు.

"వాళ్ళు ఏమేమో రాస్తారు బయక్కా," అంది ఒకసారి, చెనిక్కాయ చిదుముతూ. "నేను మా వాకిలి ఎతుకుతాండా. అంతే."

ఇంకో మాట కూడా చెప్పింది. ఒక చోట పని ముగిసి బొమ్మలు బయటికి పోయాక, ఆ చోటికి ఆమె మళ్ళీ పోదట. ఒక్కసారి తిరిగి పోయి చూసింది, చాలునంది. అప్పటి నుంచి నాకు లోపల ఒకటే లెక్క. బొమ్మలు ఊళ్ళో ఉన్నంతవరకు నోలీన్ ఉంటుంది. వీసా కోసం ఏడాదికోసారి వాళ్ళ దేశానికి పోయి వచ్చేది. చుట్టిన కాగితాలు మా అటక మీద ఉన్నాయా లేదా అని నేను రోజూ చూసుకునేదాన్ని. అవి ఉంటే వస్తుంది. వచ్చేది.

మొదటి ఏడు వాన ఏదో పడింది. రెండో ఏడు సగం పడింది. మూడో ఏడు, అంటే రెండువేల రెండులో, విత్తనం వేశాక ఆకాశం తలుపు మూసుకుంది. చెనిక్కాయ చెట్లు పూత రాకముందే ఎండి, పీకితే వేళ్ళకు మట్టి కూడా అంటలేదు. ఎర్రన్న చేలో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. ఆయన జతగొడ్లను కటికవాళ్ళకు తోలిన రోజు పొద్దుగూకేదాకా అరుగు మీదే కూర్చున్నాడు. సగం ఊరు బెంగళూరులో ఇళ్ళు కట్టే పనులకు పోయింది.

ఎవరికి ముందు తట్టిందో తెలియదు. సంక్రాంతి పోయిన తరువాత ఆ మాట వీధిలోకి వచ్చింది. పాత నిప్పు ఊరు దాటలేదు. నోలమ్మ ఏరుకున్న బొగ్గులు మళ్ళీ ఊళ్ళోకి వచ్చాయి. ఒక్కొక్క వాకిలి మీద రుద్దుకుని, చుట్టలు చుట్టుకుని, బయమ్మ అటక మీద కూర్చున్నాయి. వాన ఎట్లా వస్తుంది?

బడి వరండాలో మగవాళ్ళు కూర్చుని తీర్పు చేశారు. పున్నమికి ముందు రోజు సాయంత్రం ఎవరి వాకిలి కాగితం వాళ్ళు తమ పొయ్యిలో పెట్టి కాల్చాలి. పాత నిప్పు పాత నిప్పులో కలిసిపోతుంది. తెల్లారి దాన్ని ఆర్పి పారబోస్తారు. ఎర్రన్న ఆ మాట కోపంగా చెప్పలేదు. నోలీన్ ఎదురుగా నిలబడి, అలిసిపోయిన గొంతుతో చెప్పాడు. విజయభాస్కర్ మాత్రం కొట్లాటకు దిగాడు. వానకూ బొగ్గుకూ ఏం సంబంధమని, ఆస్ట్రేలియాలో మ్యూజియం వాళ్ళు ఆ బొమ్మల కోసం గోడలు ఖాళీ చేసి పెట్టారని అరిచాడు. నోలీన్ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"అగ్గి మీది. నేను అడగకుండా తీసుకున్నా. మీరు చెప్పినట్లే," అంది ఎర్రన్నతో.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ నాతో అంది: "ఏం బయక్కా, మళ్ళా మొదటి నుంచి చేస్తా. ఈసారి వేరే బొగ్గుతో. ఇంకో మూడేండ్లు నీ సంగటే నాకు గతి."

నా మనసు ఎంత తేలికపడిందో రాయడానికి సిగ్గుగా ఉంది గాని, తేలికపడింది. కాగితాలు కాలిపోతే నోలీన్ ఉంటుంది. నేను ఒక్క మాట కూడా అననక్కర్లేదు. ఊరే ఆమెను నా ముందరి గదిలో ఉంచేస్తోంది.

మర్నాడు పగలు నేను పొలం నుంచి వచ్చేసరికి ఆమె ముందరి గదిలో కాగితాలన్నీ పరిచి చూసుకుంటోంది. ఆఖరుసారి చూసుకుంటోందని అర్థమైంది. నేను వచ్చిన సంగతి గమనించలేదు. ఒక చేత్తో మెడలోని తాళంచెవి పట్టుకుని, దాని పళ్ళను బొటనవేలితో తడుముతూ ఒక్కో తలుపు ముందూ కూర్చుంటోంది. ఏడవడం లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల లారీ వెనక కూర్చుని ఇంటివైపు చూస్తే ఎలా ఉంటుందో, మొహం అలా ఉంది.

మా తలుపు కాగితం గోడకు ఆనించి ఉంది. అంత దగ్గరగా నేను అప్పటిదాకా చూడలేదు. అక్షరాలు కూడబలుక్కున్నట్టే పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. మామిడాకుల తోరణం మేకులు. మా ఆయన తప్పతాగి తన్నిన చోట చీలిక. ఇంద్రాణి చిన్నప్పుడు చెంచాతో గోకిన గీతలు. గొళ్ళెం దగ్గర సగం చంద్రుడిలా ఒక లోతైన వంపు. అదేమిటో నాకు వెంటనే తెలియలేదు. గొళ్ళెం గొలుసు వేసీ తీసీ, వేసీ తీసీ, కట్టెను అరగదీసిన గుర్తు. మా అత్త కాలం నుంచి ఆ ఇంట్లో నుంచి బయటికి పోయిన ప్రతి మనిషీ ఆ వంపులో ఉన్నాడు. తిరిగి వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ. రోజూ చేత్తో పట్టుకునే గొళ్ళెమే. అంత కాలం నాకు కనపడలేదు.

తలుపు పోయిన మనిషి ఇది గీసింది. దీన్ని పొయ్యిలో పెడితే ఆమెకు రెండోసారి తలుపు పోతుంది. పెట్టకపోతే నాకు ఆమె పోతుంది.

పున్నమి దగ్గరపడ్డాక బడి వరండాలో మళ్ళీ కూడారు, ఎవరెవరు ఏ బండి కట్టాలో చెప్పుకోవడానికి. ఆడవాళ్ళు గోడ పక్కన నిలబడి వినడమే గాని మాట్లాడే ఆచారం లేదు మా దగ్గర. నా కాళ్ళు వణుకుతున్నాయి. తిమ్మక్క భుజం పట్టుకుని ముందుకు వచ్చాను.

"ఎర్రన్నా, ఏటేటా పాత అగ్గిని మనం ఏం చేస్తాం?"

"ఏం బయమ్మక్కా, ఇన్నేండ్లొచ్చి మర్చిపోతివా? ఊరు దాటిస్తాం."

"కాలుస్తామా?"

"అగ్గిని యాడన్నా కాలుస్తారా?"

"మరి దీన్ని కాల్చమంటివే. ఎవురింట్లో వాళ్ళు కాలిస్తే ఆ పొగ యాడికి పోతాది? మన కప్పులకే గదా పట్టేది. ఎవురి పాత అగ్గి వాళ్ళు మోసుకోని పొలిమేర దాటించల్ల. పెద్దోళ్ళు చెప్పిండేది అదే. కాగితమైతే మాత్రం ఏం? మోద్దాం."

ఆదెన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన చెకుముకి కొట్టే మనిషి. నిప్పు విషయంలో ఆయన మాట ఎర్రన్న కూడా కాదనడు. బయమ్మ చెప్పేదే సరి, కాలిస్తే అది ఆర్పినట్టు కాదు అన్నాడు.

ఎర్రన్న నా వైపు చూశాడు. "దాటించినాంక ఒక్క ముక్క కూడా వెనక్కి రాకూడదు. తెలుస్తా ఉండాదా? తిప్ప మీద పారేసి రాలేం, గాలికి కొట్టుకోని మళ్ళా ఊళ్ళోకే వస్తాయి. నోలమ్మే తీసుకోని పోవల్ల, ఆ రోజే."

"తెలుస్తా ఉండాది," అన్నాను.

గోడ పక్కన నోలీన్ నన్నే చూస్తోంది. నేను ఏం చేశానో ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆమెకు తెలుసు. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. ఆమె బకెట్టు నీళ్ళు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఎందుకని అడిగితే, వణుకుతున్నాయి కదా అంది.

రెండువేల మూడు మాఘ పున్నమి నాడు పొద్దు పొడవకముందు మా ఊరు ఎప్పటిలాగే కదిలింది. ఆ ఏడు ఆడవాళ్ళ ఒక చేతిలో పెంకు, చంకలో చుట్టిన తలుపు. బెంగళూరు నుంచి పండగకు తిరిగి వచ్చినవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. పొలిమేర రాయి దాటి బొగ్గులు పారబోసి, కాగితాలు మాత్రం అలాగే మోసుకుంటూ తిప్ప ఎక్కాం.

గాలికి చినిగిపోతాయని నోలీన్ గొడ్ల పలుపుతాళ్ళు అడిగి తీసుకుంది. వేపచెట్టుకూ వేపచెట్టుకూ మధ్య తాళ్ళు కట్టి, ఒక్కొక్క తలుపునూ వేలాడదీసింది. తిప్ప మీద ఊరు ఊరంతా నిలబడింది. గోడలు లేవు. ఉత్త తలుపులు. గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ముందు ఎవరూ దగ్గరికి పోలేదు. తరువాత తిమ్మక్క తన తలుపును గుర్తుపట్టేసి, "మా కోడెగాడు పొడిసిన గుంత. అయ్యో, అట్లే దిగిండాది," అంది. ఇంక అందరూ వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎవరి తలుపు ముందు వాళ్ళు నిలబడ్డారు. పక్కింటి తలుపు కంటే తమ తలుపు నల్లగా రాలేదని ఒకామె అలిగింది.

ఎర్రన్న తన తలుపు ముందు చాలాసేపు ఉన్నాడు. మొదటి బోరులో నీళ్ళు పడిన రోజు వాళ్ళ నాయన కొట్టిన గుర్రపు నాడా గుర్తు అందులో ఉంది. అసలు నాడా ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది. కాగితం మీద మేకుల గుంతలు దాని ఆకారంలోనే ఉన్నాయి. ఆయన వాటిని వేలితో ముట్టబోయి ఆగాడు.

"అన్నీ మూసిన వాకిళ్ళే గీసింది. తెరిసి గీసుంటే బాగుండు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"తెరిసిన వాకిలికి కాగితం యాడ అంటిచ్చేది ఎర్రన్నా?" అంది నోలీన్.

ఆయన నవ్వాడు. ఆ కరువు మొదలైనాక ఆయన నవ్వగా చూడటం అదే.

పొద్దు వాలింది. తాళ్ళు విప్పి తలుపులన్నీ చుట్టి, తిప్ప కింద బాట మీద నిలబెట్టిన విజయభాస్కర్ జీపులో ఎక్కించారు. మా తలుపు నేనే మోసి ఎక్కించాను. నోలీన్ నా చేతులు రెండూ పట్టుకుంది. ఇద్దరి అరచేతులకూ మసి ఉంది. ఆమె మళ్ళీ వస్తాననలేదు. అబద్ధం ఆడలేదు. నేనూ రమ్మనలేదు.

"వాకిలికి బీగం వెయ్యొద్దు బయక్కా," అంది.

"ఎప్పుడు వేసినా? ఎప్పుడూ వెయ్యను," అన్నాను.

ఆదెన్న రాయి కొట్టాడు. దూది అంటుకుంది. కొత్త నిప్పు పెంకు నుంచి పెంకుకు పంచారు. ఆడవాళ్ళం వరసగా ఊరివైపు కదిలాం. జీపు అటువైపు. నా చేతిలో నిప్పు ఉంది. ముందు ఎర్రమట్టి బాట, దాని చివర చీకటిగా మా ఊరు. వెనక జీపు ఇంజను చప్పుడు మొదలైంది. నాకు పదేళ్ళప్పుడు ఎలా నడిచానో అలాగే నడుస్తున్నాను, మెడ బిగించుకుని.

అప్పుడు వెనక నుంచి నోలీన్ నన్ను పిలిచింది. ఒక్కసారే.

నా కాళ్ళు ఆగాయి. వరస నన్ను దాటిపోతోంది. నిప్పు మోసేవాళ్ళు వెనక్కి చూడకూడదు. ఆ కట్టుబాటు నేను తప్పను. మా ఊరికి వాన కావాలి. నాకూ కావాలి. పక్కనుంచి పోతున్న తిమ్మక్కకు నా పెంకు చాచాను.

"ఇది పట్టు మే."

"నీ అగ్గి నువ్వు మోయవా అత్తా? కాళ్ళు నొప్పా?"

"పట్టు. మా పొయ్యిలో నువ్వే పెట్టు."

తిమ్మక్క నా మొహం చూసి, రెండో చెయ్యి చాచి పెంకు తీసుకుంది. "రెండగ్గులు మోస్తాండా. నాకు రెండిండ్ల వాన పడల్ల," అని గొణుగుతూ ముందుకు పోయింది, తల తిప్పకుండా.

నా చేతులు ఖాళీ అయ్యాయి. నేను వెనక్కి తిరిగాను.

జీపు ఇంకా కదలలేదు. నోలీన్ జీపు వెనక తలుపుల చుట్టల మధ్య కూర్చుని ఇటే చూస్తోంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె వెనక పున్నమి చంద్రుడు పైకి వస్తున్నాడు, అందుకని మొహం సరిగ్గా కనపడలేదు గాని చెయ్యి కనపడింది. చెయ్యి ఊపలేదు. ఎత్తి అలాగే ఉంచింది, కాగితం మీద పెట్టినట్టు. జీపు కదిలింది. బత్తలపల్లె బాట మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు. నేనూ దుమ్ము అణిగేదాకా నిలబడ్డాను.

ఆ ఏడు కూడా వాన సరిగ్గా రాలేదు. ఆ మరుసటి ఏడు వచ్చిందో, తరువాతి ఏడు వచ్చిందో, ఇప్పుడు వాదులాడుకుంటారు. నోలమ్మను మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు.

పుస్తకంలో మా తలుపు ఒక పేజీ నిండా ఉంది. ఎర్రన్న తలుపు దాని పక్క పేజీలో ఉంది, అందుకని ఆయన సాయంత్రాలు వచ్చి పుస్తకం అడుగుతాడు. ఆయన వెళ్ళిపోయేటప్పుడు నేను వాకిట్లోకి వస్తాను. వీధి మలుపు దాకా చూసి, లోపలికి వచ్చి గొళ్ళెం వేస్తాను. గొలుసు తన వంపులోనే జారుతుంది.